గునుగును ఏ గడిలో రాయాలి?

సాయంత్రం ఆరున్నర దాటితే మా ఆయన ఫోన్ చేసి అడిగే మొదటి మాట: "బయోడైవర్సిటీ దాటినవా?" దాటానంటే ఇంకో అరగంటలో ఇంట్లో ఉంటానని అర్థం. దాటలేదంటే కుక్కర్ ఆయనే పెట్టుకోవాలని అర్థం.

హైదరాబాద్‌లో ఐటీ వైపు పనిచేసేవాళ్ళకు బయోడైవర్సిటీ అంటే ఒక సిగ్నల్, రెండు ఫ్లైఓవర్లు, బోలెడు హారన్లు. షేర్ ఆటోవాళ్ళు "బయోడైవర్సిటీ, బయోడైవర్సిటీ" అని పిలిచి ఎక్కించుకుంటారు. "బయోడైవర్సిటీ దగ్గర ఫుల్ జామ్" అని గ్రూపులో మెసేజ్ వస్తే ఎవరికీ నవ్వు రాదు. మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయిని అడిగాను, ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసా అని. "అక్కడ ఆ పేరుతో ఏదో కంపెనీ ఉండేదేమో అక్కా" అన్నాడు.

కంపెనీ కాదు నాయనా, ఒక సభ. 2012 అక్టోబరులో జరిగింది. దాని గుర్తుగా ఒక పార్కు వచ్చింది, పార్కు పేరు చౌరస్తాకు వచ్చింది. నాకు తెలుసు, ఎందుకంటే నేను అక్కడ మెడలో కార్డు వేసుకుని తిరిగిన వాలంటీర్లలో ఒకదాన్ని. అప్పుడు ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను.

జీవవైవిధ్య ఒప్పందం సభ్యదేశాల 11వ సమావేశం అది. 'కాప్ లెవెన్' అనేవాళ్ళం. 1992లో రియోలో సంతకాలకు పెట్టి, 1993 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పందం. అందులోని దేశాలన్నీ రెండేళ్ళకోసారి ఎక్కడో ఒకచోట కూర్చుంటాయి. ఆసారి మన హైటెక్స్, దాని పక్కనే ఉన్న హెచ్ఐసీసీలో, అక్టోబరు 8 నుంచి 19 దాకా కూర్చున్నాయి. నూట తొంభైకి పైగా దేశాలు. మనవాళ్ళ పిల్లలు ఇంటికొకరు చొప్పున వెళ్ళే అమెరికా మాత్రం అందులో లేదు. 1993లో సంతకం పెట్టింది కానీ ఇప్పటిదాకా ఆమోదించలేదు. పరిశీలకులుగా వచ్చి కూర్చుంటారు, అంతే.

నా పని గొప్పదేమీ కాదు. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం, ఏ గది ఎటువైపో చూపించడం, కాగితాలు పంచడం. ఆ కాగితాలే నాకు కొత్త. వాక్యంలో ప్రతి నాలుగు మాటలకూ చదరపు బ్రాకెట్లు. అచ్చుతప్పులనుకున్నాను మొదట. మా టీమ్ లీడర్ నవ్వి చెప్పాడు: బ్రాకెట్లో ఉన్న మాట మీద ఇంకా పంచాయితీ తెగలేదని గుర్తట. ఒక దేశం 'చేయాలి' అంటుంది, ఇంకో దేశం 'చేయడానికి ప్రయత్నించాలి' అంటుంది, రెండూ బ్రాకెట్లలో పక్కపక్కన కూర్చుంటాయి. రాత్రుళ్ళు కూర్చుని ఒక్కో బ్రాకెట్టూ విప్పుతారు. రోజూ పొద్దున వచ్చి కొత్త కాగితాలు సర్దేటప్పుడు నిన్నటికీ ఇవ్వాళ్టికీ ఎన్ని బ్రాకెట్లు పోయాయో లెక్కపెట్టుకునేదాన్ని. డబ్బులున్న పేరాల్లో మాత్రం ఒక్కటీ పోయేది కాదు.

చివరికి అక్కడా తెగింది, ఆఖరిరోజు అర్ధరాత్రి దాటాక. పేద దేశాలకు ఈ పని కోసం ఇచ్చే సొమ్మును 2006-2010 సగటుతో పోలిస్తే 2015కల్లా రెట్టింపు చేయాలని రాసుకున్నారు. అంతకుముందే, 16వ తేదీన ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మన దేశం తరఫున 5 కోట్ల డాలర్లు ప్రకటించారు. నగోయా ప్రోటోకాల్‌ను మన దేశం ఆమోదించింది కూడా ఆ సభ నడుస్తుండగానే, అక్టోబరు 9న. నగోయా అంటే ఏంటో అప్పుడు నాకు సరిగ్గా తెలియదు. పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా మాత్రం తెలుసు. నాకు ఆ రోజుల్లో బాగా గుర్తున్న సంగతి వేరే. ఎంగిలిపూల బతుకమ్మ ఆ ఏడాది 15వ తేదీన పడింది. డ్యూటీ ఉందని ఊరికి పోలేదు. మా అవ్వ ఫోన్లో, "పండుగకు రాకుండ ఆడ ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగితే, "చెట్లు, పూలు కాపాడాలని మీటింగ్ అవ్వా" అన్నాను. "పూలు ఈడుంటె మీటింగ్ ఆడెందుకు?" అంది.

ఆ సభ నినాదం 'ప్రకృతిః రక్షతి రక్షితా' అని సంస్కృతంలో ఉండేది. దానికంటే అవ్వ ప్రశ్నే నాకు ఎక్కువ రోజులు గుర్తుంది.

ఏడేళ్ళ తర్వాత అవ్వ దగ్గరికే ఆ ఒప్పందం పట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది, నోటుబుక్కు రూపంలో.

రియోలో ఒప్పుకున్నదాన్ని అమలు చేయడానికి మన దేశం 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి ఊళ్ళో ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. అప్పటి నిబంధనల్లో అధ్యక్షుడు కాక ఆరుగురి దాకా సభ్యులు, వాళ్ళలో మూడోవంతుకు తక్కువ కాకుండా ఆడవాళ్ళు. ఆ కమిటీ ముఖ్యమైన పని, ఊళ్ళో ఏ చెట్టుంది, ఏ పంట ఉండేది, ఏ పిట్ట కనబడటం లేదు, ఏ ఆకుతో ఏ నొప్పి తగ్గుతుంది, అన్నీ జనాన్ని అడిగి ఒక రిజిస్టర్లో రాయడం. చట్టం వచ్చి పదిహేనేళ్ళు దాటినా చాలా ఊళ్ళలో కమిటీ లేదు, రిజిస్టరూ లేదు. ఎవరో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోతే, 2020 జనవరి 31లోగా అన్ని ఊళ్ళలో పూర్తిచేయాలని, లేకపోతే రాష్ట్రం నెలకు 10 లక్షల చొప్పున కట్టాలని అది చెప్పింది.

ఇక చూడండి. పదిహేనేళ్ళలో కాని పని పదిహేను రోజుల్లో కావాలి. అప్పుడు నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతున్నాను. తెలిసినవాళ్ళు ఫోన్ చేసి, సంక్రాంతి సెలవుల్లో మా ఆత్మకూరు వైపు కొన్ని ఊళ్ళ రిజిస్టర్లు రాయించి పెట్టమన్నారు. ఊరికింత అని ఇస్తామన్నారు. ఆ 'ఇంత' ఇప్పటికీ సగమే వచ్చింది, అది వేరే కథ.

మా ఊళ్ళో కమిటీ కాగితం మీద అప్పటికే ఉంది. మా ఇంటెనక పెద్దమ్మ అందులో సభ్యురాలు. ఆ సంగతి ఆమెకు నేను చెబితేనే తెలిసింది. "పింఛిన్ ఇస్తరా?" అని అడిగింది. ఇవ్వరన్నాను. "మరెందుకు పెట్టిండ్రు నన్ను?"

ఎవరిని రమ్మన్నా రారని, మా అవ్వ కూర్చునే అరుగు మీదే మొదలుపెట్టాను. ముందు యాప చెట్టు. (నేను క్లాసులో వేప అనే చెబుతాను, అరుగు మీద కూర్చుంటే యాపే.) రిజిస్టర్లో గడులు గడులుగా ఉంటుంది: ఊళ్ళో పిలిచే పేరు, శాస్త్రీయ నామం, ఏ భాగం వాడతారు, దేనికి వాడతారు, ఇంతకుముందు ఎంత ఉండేది, ఇప్పుడు ఎంత ఉంది. శాస్త్రీయ నామం గడి నాది, మిగతావన్నీ అవ్వవి. యాపాకు దగ్గరే అరగంట పట్టింది. జొన్నల గుమ్మిలో వరస వరసకు ఆకు పరిచేది, అమ్మవారు పోస్తే మంచం చుట్టూ మండలు కట్టేది, బాలింతకు నీళ్ళు కాచేది, పుల్లతో పళ్ళు తోమేది, గింజల నూనె బండి ఇరుసుకు పూసేది. 'దేనికి వాడతారు' అన్న గడి వెడల్పు రెండు వేళ్ళు. పేజీ వెనక్కి తిప్పి రాశాను.

మూడో రోజు కలుపు మొక్కల పేజీ వచ్చింది. చెంచలి, గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, గరిక, తుంగ అని అవ్వ చెబుతుంటే రాసుకుపోతున్నాను. గునుగు రాశాను. రాసింది పైకి చదువుతుంటే ఆపింది.

"గునుగు కలుపని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"చేన్ల దానంతటదే మొలిస్తే కలుపే కదా అవ్వా."

"బతుకమ్మల పెట్టేది కలుపెట్ల అయితది?"

"మరి పత్తి చేన్ల ఉంటే పీకుతరు కదా?"

"పీకుతం. సాలుల ఉంటె పీకుతం, గట్టు మీద ఉంటె ఉంచుతం. అది కూడ తెల్వదా, ఎమ్మెస్సీ చదివినవ్?"

సాలులో కలుపు, గట్టు మీద పువ్వు. అట్లాంటి గడి నా రిజిస్టర్లో లేదు. కలుపు మొక్కల్లో ఉంచాలా, అలంకరణ మొక్కల్లో రాయాలా, లేక పూజకు వాడేవాటిలోనా? సెలోషియా అర్జెంటియా అని ఎదురుగా రాసి, ఇంతకుముందు అన్న గడిలో 'చాలా', ఇప్పుడు అన్న గడిలో 'తక్కువ' అని రాశాను. గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక గట్టు మీద కూడా ఉండటం లేదని అవ్వే చెప్పింది. గడ్డిమందు మనిషిని చూడదు, పువ్వును చూడదు, సాలును గట్టును వేరుగా చూడదు. ఇప్పుడు బతుకమ్మ పండక్కి మా ఊళ్ళో కూడా గునుగు కట్టలు కొంటున్నారు. కొనుక్కునే కలుపు మొక్క ఇంకెక్కడన్నా ఉందా?

మా ఊరికి ఆరు రోజులు పట్టింది. మిగతా ఊళ్ళకు ఒక్కోదానికి రెండు రోజులు. ఆ హడావుడిలో ఎవరో పూర్తిచేసి పంపిన ఒక ఊరి రిజిస్టర్ నమూనాగా నా చేతికొచ్చింది. అందులో పదిహేను రకాల చేపలు. ఆ ఊరు నాకు తెలుసు, చెరువు తెగి ఏళ్ళయింది. చూస్తే జూరాల ప్రాజెక్టు పక్కనున్న ఇంకో ఊరి జాబితాను ఉన్నదున్నట్టు దించేశారు, ఊరిపేరు మాత్రం మార్చి. రెండు చోట్ల అదీ మార్చడం మర్చిపోయారు. నాకు నవ్వొచ్చింది, భయం కూడా వేసింది. దేశం మొత్తం మీద ఇట్లా తయారైన రిజిస్టర్లు ఇప్పుడు రెండున్నర లక్షలకు పైనే. ఎన్నింట్లో చెరువు లేని చేపలున్నాయో!

ఈ రిజిస్టర్ ఎందుకింత ముఖ్యమో నాకు అర్థమైంది అమరచింత కథ తెలిశాకే. అమరచింత మాకు దగ్గరే. చేనేత ఊరు. మా అమ్మ పెళ్ళిచీర అక్కడి మగ్గం మీద నేసిందే. ఉమ్మడి రాష్ట్రంలో, అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్నప్పుడు, హైదరాబాద్ కంపెనీ ఒకటి అక్కడి నుంచి 2,000 కిలోల వేపాకు జపాన్‌కు పంపింది. పంపేముందు, చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి తీసుకుంది, రాయల్టీ కట్టింది. అందులోంచి 55,035 రూపాయలు అమరచింత జీవవైవిధ్య కమిటీకి వచ్చాయి, వేప మొక్కలు నాటుకోవడానికి, ఊళ్ళో ఈ సంగతులు చెప్పుకోవడానికి.

కిలోకు లెక్కేస్తే ఇరవై ఏడున్నర రూపాయలు. మా నాయినకు చెబితే నమ్మలేదు. "యాపాకుకు పైసలా? తెంపుకపోతే అడిగేటోడే లేడు గదా." నిజమే, అంతకుముందు అడిగేవాళ్ళు లేరు. రియో ఒప్పందంలో మూడు మాటలున్నాయి: కాపాడుకోవడం, తరిగిపోకుండా వాడుకోవడం, దానివల్ల వచ్చే లాభం న్యాయంగా పంచుకోవడం. మూడోదాని కోసమే నగోయా ప్రోటోకాల్ పుట్టింది. రెండు మార్కుల ప్రశ్నకు అసలు జవాబు అమరచింత యాపాకన్నమాట. ఆకు ఏ ఊరిది, ఆ ఊరికి దానితో ఏం సంబంధం అని అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉండాలి. ఆ కాగితమే రిజిస్టర్.

కాగితం లేకపోతే ఏమవుతుందో కూడా వేపే చూపించింది. వేపనూనెతో బూజు తెగుళ్ళను అదుపు చేసే పద్ధతి మీద అమెరికా వ్యవసాయశాఖకు, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకి కలిపి 1994లో యూరప్ పేటెంటు ఆఫీసు పేటెంటు ఇచ్చింది. పర్యావరణవేత్త వందనా శివ వాళ్ళు వెళ్ళి, ఇది మా రైతులు ఎప్పటినుంచో చేస్తున్నదే కదా అని వాదిస్తే, 2000 మేలో రద్దయింది. అప్పీలు కూడా పోయేసరికి 2005. పదకొండేళ్ళు! మా అవ్వకు తెలిసిన సంగతిని ఆ ఆఫీసున్న మ్యూనిచ్‌లో రుజువు చేయడానికి పట్టిన కాలం అది.

నేను అమరచింత కథను పెద్దగా ఊదడం లేదు. ఆ యాభై ఐదు వేలతో ఊరు మారిపోలేదు. ఇట్లాంటి చెల్లింపులు దేశంలో అక్కడక్కడ, ఎర్రచందనం లాంటివాటికి వచ్చాయే తప్ప ఊరూరా జరుగుతున్నది కాదు. 2023లో చట్టాన్ని సవరించి జైలుశిక్షలు తీసేసి జరిమానాలు పెట్టారు, ఆయుష్ వైద్యుల వంటివాళ్ళకు మినహాయింపులు ఇచ్చారు. పని సులువు చేయడానికే అన్నారు. ఎవరి పని సులువైందో నాకైతే అనుమానమే.

పైస్థాయిలో కూడా సంగతి గొప్పగా లేదు. 2010లో, ఆ ప్రోటోకాల్ పుట్టిన జపాన్ నగరం నగోయాలోనే, దేశాలన్నీ పదేళ్ళకు 20 లక్ష్యాలు పెట్టుకున్నాయి, ఐచి లక్ష్యాలని. 2020లో చూసుకుంటే ప్రపంచం మొత్తం మీద ఒక్కటి కూడా పూర్తిగా నెరవేరలేదు. మా కాలేజీలో ఇట్లాంటి రిజల్టు వస్తే మమ్మల్ని ఉంచేవాళ్ళు కాదు. వీళ్ళు మాత్రం 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కూర్చుని ఈసారి 23 పెట్టుకున్నారు. 2030కల్లా నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం కాపాడాలని అందులో ఒకటి. 2024 నాటికి నేల మీద పదిహేడున్నర శాతం, సముద్రంలో ఎనిమిది శాతం చిల్లర దగ్గరున్నాం. ఏడాదికి 20,000 కోట్ల డాలర్లు కూడబెట్టాలని ఇంకో లక్ష్యం. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు 55,035 గుర్తొస్తుంది, ఆ చివరి ముప్పై ఐదు రూపాయలతో సహా.

2024లో కొలంబియాలోని కాలి నగరంలో సభ జరిగితే, డబ్బు సంగతి తేలకముందే చాలామంది ప్రతినిధులు విమానాల టైమైందని వెళ్ళిపోయారు. కోరం లేక ఆగిపోయి, 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో మళ్ళీ కూర్చున్నారు. ఆ కాగితాల్లో ఎన్ని బ్రాకెట్లు మిగిలి ఉంటాయో ఊహించుకోగలను.

అయితే ఆ సభ నుంచి వచ్చిన కాలి ఫండ్ మీద నాకు కొంచెం ఆశ ఉంది. ఇప్పుడు ఎవరూ రెండు వేల కిలోల ఆకు ఓడ ఎక్కించక్కర్లేదు. హైదరాబాద్‌లో మేం బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటున్న 2012లోనే బెంగళూరు శాస్త్రవేత్తలు వేప జన్యుక్రమాన్ని చదివి ప్రచురించారు. ఒకసారి అది కంప్యూటర్లోకి ఎక్కితే ప్రపంచంలో ఎవరైనా తీసుకుని దాంతో మందో మాకో చేసుకోవచ్చు, ఆకు ఏ ఊరిదని అడిగే సందే లేదు. అట్లా జన్యు సమాచారంతో వ్యాపారం చేసే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతమో, ఆదాయంలో 0.1 శాతమో ఆ ఫండ్‌లో వేయాలని, అందులో కనీసం సగం స్థానిక, ఆదివాసీ సమాజాలకు చేరాలని అనుకున్నారు. కట్టితీరాలని మాత్రం లేదు, ఇష్టమున్నవాళ్ళు వేయొచ్చు. మా ఊళ్ళో బోనాల చందా కూడా ఇష్టమున్నవాళ్ళే ఇస్తారు. కానీ ఇవ్వనివాళ్ళ పేరు మైకులో చదవరన్న ధైర్యం ఎవరికీ ఉండదు. కాలి ఫండ్‌కు ఆ మైకు లేదు.

రిజిస్టర్ ఇచ్చేసిన రెండు నెలలకు కరోనా వచ్చింది. కాలేజీ మూసేశారు, జీతం ఆగింది. ఆన్‌లైన్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి ఈ ఉద్యోగంలో పడ్డాను. అట్లా ఇప్పుడు రోజూ బయోడైవర్సిటీ దాటుతున్నాను.

2021లో దసరాకు ఊరికి వెళితే మా అరుగు ముందరి యాప చెట్టు కొసల నుంచి ఎండిపోయి, నిప్పు తగిలినట్టు గోధుమరంగులో ఉంది. ఒక్క మాదే కాదు, తెలంగాణ అంతా అట్లాగే ఉండె, గుర్తుండే ఉంటుంది మీకు. కొమ్మ ఎండు తెగులని, ఒక శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే పురుగు అని వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు చెప్పారు. మా నాయిన మందు కొట్టాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాడు. అవ్వ మటుకు చెట్టు కింద మంచం తీయలేదు. ఎండాకాలానికి మోడు మీద ఎర్రటి చిగురు వచ్చింది, మొత్తం కాదు, తూర్పు కొమ్మ పోయింది. నేను రాసిన రిజిస్టర్లో మాత్రం 'యాప: ఇంతకుముందు చాలా, ఇప్పుడు చాలా' అనే ఉంది. ఆ పుస్తకాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా రాసుకుంటూ ఉండాలి. మా వైపు ఎవరైనా తిరిగి తెరిచినట్టు నేనైతే వినలేదు.

2026 అక్టోబరులో మళ్ళీ సభ, ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో. అక్కడికి ప్రతి దేశం తన లెక్క పట్టుకుపోవాలి. మన లెక్కలో రిజిస్టర్ల సంఖ్య తప్పకుండా ఉంటుందనుకుంటున్నా, ఆ సంఖ్యలో మా ఊరిదీ ఒకటి.

పోయిన నెల అవ్వతో ఫోన్లో మాట్లాడుతుంటే ఎందుకో గుర్తొచ్చి అడిగింది: "ఆ గునుగు సంగతి మార్చినవా?" మార్చలేదని చెప్పడానికి నోరు రాక, చూస్తానన్నాను. పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేశాను. కొత్తగా వచ్చిన అబ్బాయి, మర్యాదగానే మాట్లాడాడు. రిజిస్టర్ బీరువాలో ఉందన్నాడు. బీరువా తాళంచెవి పాత కార్యదర్శి దగ్గర ఉండిపోయిందట.

"అర్జెంటా మేడమ్?" అని అడిగాడు.

బతుకమ్మ లోపల కావాలన్నాను.